ఇంటి ప్లాను ఎక్కడ ఆగుతుంది

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర టీకొట్టులోనైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనైనా ఇల్లు కట్టబోయే వాళ్ల నోట తరచుగా వినబడే మాట ఒకటుంది: "ప్లాను పెట్టి రెండు నెలలైంది, ఇంకా పాసవలేదు." దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది: "ఎవరితోనైనా ఓ మాట చెప్పిస్తే పనవుతుందేమో." ఆ ఆరాటం న్యాయమైనదే. అద్దె ఇంట్లో ఉంటూ, బ్యాంకు అప్పు మొదటి విడత కోసం ఎదురుచూస్తూ, మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చేసిన కుటుంబానికి ఒక్కో వారం బరువుగానే ఉంటుంది. కానీ ఫైలు ఎక్కడ ఆగిందో తెలియకుండా చెప్పించిన మాట పనిచేయదు. ఆగిపోయిన ఫైళ్లను తెరిచి చూస్తే చాలావాటిలో కనిపించేది ఒకటే. దస్తావేజు ఒక కొలత చెబుతుంది, నేల మీద టేపు ఇంకో కొలత చెబుతుంది, ముందున్న రోడ్డు మూడో కొలత చెబుతుంది. ఈ మూడూ కలిసేదాకా ప్లాను కదలదు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. మున్సిపాలిటీ అనగానే కౌన్సిల్ గుర్తొస్తుంది కాబట్టి, కౌన్సిలర్లు కూర్చుని ఇంటి ప్లాన్లు పాస్ చేస్తారని చాలామంది అనుకుంటారు. ఒక్కో ఇంటి అనుమతి కౌన్సిల్ ఓటుకు రాదు. సంతకం కమిషనర్‌ది, పరిశీలన పట్టణ ప్రణాళిక విభాగానిది. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ, ఆపైన బిల్డింగ్ ఓవర్సీర్, సూపర్‌వైజర్, పెద్ద ఊళ్లలో సిటీ ప్లానర్లు ఆ వరసలో ఉంటారు. శ్రీకాకుళమే ఇందుకు రుజువు. అక్కడ ఎన్నికైన పాలకవర్గం లేక పదేళ్లు దాటింది, ప్రత్యేకాధికారుల పాలనలోనే ఊరు నడిచింది. ఇళ్ల అనుమతులు మాత్రం ఆగలేదు. అలాగని కౌన్సిల్‌కు పాత్ర లేదని కాదు. ఏ రోడ్డు వెడల్పు చేయాలి, ఏ ఖాళీ స్థలం పార్కుగా ఉంచాలి, మాస్టర్ ప్లాన్‌లో, అంటే ఏ భూమిని దేనికి వాడాలో చూపే పటంలో, ఏ మార్పు కోరాలి అన్న తీర్మానాలు అక్కడే పుడతాయి. మీ ఇంటి ముందు రోడ్డు భవిష్యత్తు కౌన్సిల్ చేతిలో ఉంటుంది, మీ ఇంటి ప్లాను మాత్రం నిబంధనల పుస్తకం చేతిలో ఉంటుంది. ఆ పుస్తకం పేరు ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు, 2017. తర్వాత చాలాసార్లు సవరించారు, 2025లో కూడా.

తర్వాతి ప్రశ్న, ఫైలు ఎవరి దగ్గరికి వెళ్లాలి? విజయనగరం కార్పొరేషన్, శ్రీకాకుళం కార్పొరేషన్, బొబ్బిలి, రాజాం, ఆమదాలవలస, పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం వంటి పట్టణాలు, నెల్లిమర్ల నగర పంచాయతీ: ఇవన్నీ స్థానిక సంస్థలు. వాటి మీద మాస్టర్ ప్లాన్ల కోసం పట్టణాభివృద్ధి సంస్థలున్నాయి. విశాఖ మహానగర సంస్థ వీఎంఆర్‌డీఏ, బొబ్బిలి పేరు మీద బుడా, శ్రీకాకుళానికి సుడా. విజయనగరం పాత వుడా (వీఎంఆర్‌డీఏకు ముందున్న సంస్థ) రోజుల నుంచీ విశాఖ ప్రణాళిక పరిధిలోదే. అందువల్ల అక్కడ మామూలు ఇంటి ఫైలును కార్పొరేషన్ చూసినా, ఆ స్థలం నివాస జోన్‌లో ఉందా, వ్యవసాయ జోన్‌లో ఉందా అన్నది వీఎంఆర్‌డీఏ పటం చెబుతుంది. ఊరి చివర్న "ఇది పంచాయతీ పరిధండీ, పర్మిషన్ తేలిక" అని అమ్మేవాళ్లు చెప్పే మాటకు అర్థం లేదు. పంచాయతీ పరిధి అంటే నిబంధనలు లేకపోవడం కాదు. అక్కడ 2002 నాటి గ్రామ పంచాయతీ లేఅవుట్, భవన నిబంధనలున్నాయి, వాటిపైన మాస్టర్ ప్లాన్ కూడా వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు చోటుకి, చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దుల దగ్గరికి వద్దాం. దస్తావేజులో తూర్పున ఫలానా వారి ఇల్లు, దక్షిణాన ఫలానా వారి ఖాళీ స్థలం, ఉత్తరాన బాట అని రాసి ఉంటుంది. ఉత్తరాంధ్ర ఊళ్లలో ఈ హద్దులు చాలావరకు నలభై, యాభై ఏళ్ల కిందటి మనుషుల పేర్లతోనే ఒక దస్తావేజు నుంచి ఇంకో దస్తావేజులోకి ఎక్కుతూ వస్తాయి. "ఉత్తరాన బాట" అన్నచోట ఆ బాట ఎన్ని అడుగులో ఉండదు. పాత ఊరి నడిబొడ్డున ఉన్న గ్రామకంఠం భూముల్లో ఇంటింటికీ సర్వే నంబరే ఉండదు. ఇటీవల రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబరు పోయి కొత్త ల్యాండ్ పార్సిల్ నంబరు వచ్చింది. దస్తావేజులో పాతది, రికార్డులో కొత్తది. జిల్లా పేరు మారిన చోట్లూ ఉన్నాయి. రాజాం 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలోది, ఇప్పుడు విజయనగరం జిల్లాలోది. ఇది తప్పు కాదు గానీ, ఫైలుతో పాటు పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చూపే కాగితం పెట్టకపోతే ఆధారం చాలలేదని షార్ట్‌ఫాల్ వస్తుంది. ఆన్‌లైన్‌లో ఆ మాట ఎర్రగా కనబడగానే "కొర్రీ వేశారు" అనుకుంటారు. దస్తావేజు ఒక నంబరు, రికార్డు ఇంకో నంబరు చూపుతుంటే ఏ అధికారైనా అడగక తప్పదు.

కొలతల సంగతి ఒక ఉదాహరణతో చూస్తే తేటపడుతుంది. ఉత్తరాంధ్రలో స్థలం సెంట్లలో కొంటారు, గజాల్లో బేరమాడతారు, నిబంధనలు చదరపు మీటర్లలో ఉంటాయి. ఐదు సెంట్లు అంటే 242 గజాలు, అంటే 202.3 చదరపు మీటర్లు. నిబంధనల పట్టికలో 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలాలు ఒక మెట్టు, 200 దాటి 300 వరకు ఇంకో మెట్టు. మొదటి మెట్టులో, ముందున్న రోడ్డు 12 మీటర్లలోపు అయితే, 10 మీటర్ల ఎత్తు ఇంటికి ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదిలితే చాలు. రెండో మెట్టులో అదే ఎత్తుకు ముందు 2 మీటర్లు, మిగతా వైపులా మీటరున్నర. అచ్చంగా ఐదు సెంట్లు కొన్న మనిషి మూడు గజాల కంటే తక్కువ తేడాతో రెండో మెట్టులో పడతాడు. నాలుగు వైపులా అరమీటరు చొప్పున అదనంగా వదలాలి. ఇంటి నమూనా గీయించుకుని, గదుల కొలతలు ఇంట్లోవాళ్లతో ఖాయం చేసుకుని, ఆ తర్వాత ఇది తెలిస్తే మొదలుకంటా మార్చాలి. స్థలం కొనే ముందే తెలిస్తే ఆ లెక్క చూసుకునే బేరమాడవచ్చు.

ఇంకో సాధారణమైన స్థలం తీసుకుందాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, సరిగ్గా 200 గజాలు, 167 చదరపు మీటర్లు. ఇది మొదటి మెట్టులోనే ఉంది. రెండు పక్కలా మీటరు చొప్పున పోతే వెడల్పులో 23 అడుగుల 5 అంగుళాలు మిగులుతాయి. ముందు మీటరున్నర, వెనక మీటరు పోతే పొడవులో 51 అడుగుల 10 అంగుళాలు. అంటే ఒక్కో అంతస్తుకు దాదాపు 1,210 చదరపు అడుగులు. ఇంతవరకు కాగితం మీద బాగానే ఉంది. ఇప్పుడు ముందున్న రోడ్డును కొలవండి. దస్తావేజులో 30 అడుగుల రోడ్డని ఉంది, టేపు పడితే 20 అడుగులే వచ్చింది అనుకుందాం. పాత కాలనీల్లో ఇది కొత్తేమీ కాదు. ఎదురింటివాళ్లు అరుగు ముందుకు జరిపి ఉంటారు, పక్కవాళ్లు మెట్లు రోడ్డు మీదికి దించి ఉంటారు. ఆ రోడ్డు 30 అడుగులు ఉండవలసినదైతే, మధ్య గీత నుంచి 15 అడుగులు కొలిచి అక్కడి నుంచే మీ స్థలం మొదలవుతుంది. ముందు 5 అడుగులు రోడ్డుకు వదలాలి, ముందు సెట్‌బ్యాక్, అంటే ఇంటికి ముందు వదలవలసిన ఖాళీ, ఆ కొత్త గీత నుంచి లెక్కించాలి. ఇంటి పొడవు 46 అడుగుల 10 అంగుళాలకు దిగుతుంది, అంతస్తుకు 1,100 చదరపు అడుగులకు కాస్త అటూ ఇటూ. ఒక పడకగది మాయమైనట్టే.

రోడ్డుకు వదిలిన స్థలం ఊరికే పోదు. దానికి బదులు సెట్‌బ్యాక్‌లలో కొంత సడలింపో, టీడీఆర్ బాండ్ల రూపంలో వేరేచోట వాడుకోగల, అమ్ముకోగల నిర్మాణ హక్కో పొందే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. చిన్న స్థలాల యజమానుల్లో చాలామందికి ఇది తెలియదు. "రోడ్డుకు ఎందుకివ్వాలి" అని వాదనకు దిగి ఆ హక్కు అడగడమే మర్చిపోతారు. స్థలం ఇస్తున్నట్టు రాసిచ్చే రోజునే, బదులుగా ఏం వస్తుందో లిఖితంగా అడగాలి.

అనుమతి లేని లేఅవుట్లలో కొన్న ప్లాట్ల సంగతి దీనికంటే బరువైనది. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి జాతీయ రహదారికి రెండు పక్కలా, పూసపాటిరేగ నుంచి రణస్థలం, ఎచ్చెర్ల దాకా, పొలాల్లో రాళ్లు పాతి, రంగుల జెండాలు కట్టిన వెంచర్లు కనబడుతూనే ఉన్నాయి. వాటిలో సక్రమమైనవీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. తేడా తెలుసుకోవడానికి లేఅవుట్ అనుమతి నంబరు, అంటే ఎల్‌పీ నంబరు అడిగితే చాలు. నిర్ణీత పరిమాణం దాటిన వాటికి స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా ఇచ్చే నంబరు కూడా ఉండాలి. "పంచాయతీ అప్రూవల్ ఉంది" అని చెప్పి సర్పంచి సంతకం ఉన్న నకలు చూపిస్తే దాన్ని లేఅవుట్ అనుమతిగా లెక్కించకూడదు. పట్టణాభివృద్ధి సంస్థ గానీ, పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ గానీ ఇచ్చిన సాంకేతిక ఆమోదం లేకుండా లేఅవుట్ లేదు. సక్రమమైన లేఅవుట్‌లో స్థలంలో పదో వంతు ఉమ్మడి ఖాళీ జాగాగా వదిలి స్థానిక సంస్థకు అప్పగిస్తారు. అనుమతి లేని వెంచర్‌లో ఆ జాగా ప్లాట్లుగా అమ్ముడైపోతుంది. అందుకే అక్కడ ఇల్లు కట్టేవాళ్ల నుంచి స్థలం విలువలో 14 శాతం దాకా ఖాళీ జాగా రుసుము వసూలు చేస్తారు. లెక్కకు గజం ప్రభుత్వ విలువ 10,000 రూపాయలు అనుకుంటే 200 గజాలకు అది 2,80,000 రూపాయల దాకా. తక్కువకు వచ్చిందని కొన్న ప్లాటు మీద పడే రెండో ధర ఇది. లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం 2020లో వచ్చింది, 2025లో మళ్లీ వచ్చింది. తెరిచి ఉన్నప్పుడు వాడుకున్నవాళ్లకు దారి దొరుకుతుంది. మళ్లీ వస్తుందిలే అని ఎదురుచూసేవాళ్లకు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

కొన్ని చోట్ల స్థలం, రోడ్డు, కాగితం మూడూ సరిగ్గా ఉన్నా పక్కనున్నదేమిటో చూసుకోవాలి. నాగావళి శ్రీకాకుళం ఊరి మధ్య నుంచే పారుతుంది. నిబంధనల ప్రకారం పట్టణ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు, పట్టణం వెలుపల 100 మీటర్లు ఖాళీగా వదలాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకైతే 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు. శ్రీముఖలింగం, శాలిహుండం వంటి చోట్ల కేంద్ర పురావస్తు శాఖ రక్షణ ఉంది. రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు కొత్త కట్టడాలకు నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు ముందస్తు అనుమతితోనే. తీరం వెంబడి సీఆర్‌జెడ్, అంటే తీర నియంత్రణ మండల నియమాలున్నాయి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది కాబట్టి ఇది చాలా ఊళ్లకు సంబంధించిన మాటే. భోగాపురం చుట్టుపక్కల ఎత్తైన భవనాలకు విమానయాన అనుమతి. ఈ అనుమతులేవీ మున్సిపల్ ఆఫీసు ఇచ్చేవి కావు, ఆఫీసు అడిగేవి. వాటిని ముందే తెచ్చుకోవాలి.

పంట భూమిలో కట్టాలంటే నాలా మార్పిడి, అంటే ఆ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చుకోవడం, కావాలన్నది 2006 చట్టం. ఆ చట్టాన్ని రద్దు చేయాలని ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. పాత పద్ధతిలో ఇప్పటికే రుసుము కట్టినవాళ్లు ఆ రసీదు పారేయకుండా ఫైలులో పెట్టుకోవడం మంచిది.

దరఖాస్తు మొత్తం ఆన్‌లైనే. లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు, అందరూ ఎల్‌టీపీ అని పిలిచే మనిషి, తన లాగిన్‌తో ప్లాను ఎక్కిస్తాడు. చాలామంది యజమానులు దస్తావేజు జిరాక్సు, ఆధార్, ఒక ఫొటో ఇచ్చేసి ఇక తమ పని అయిపోయిందనుకుంటారు. ఆ ప్లానులో ఏం గీశారో, తమ పేరుతో ఏ అఫిడవిట్ వెళ్లిందో చూడరు. ఇదే ప్రమాదం. 2025లో 18 మీటర్ల ఎత్తులోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ పద్ధతి వచ్చాక ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. ఇదివరకు అధికారి చూసి, సరిచేసి, అనుమతి ఇచ్చేవారు. ఇప్పుడు "ఇదంతా నిజం" అని ఎల్‌టీపీ, యజమాని ముందే రాసిస్తారు, తనిఖీ తర్వాత జరుగుతుంది. పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ రోడ్డు 20 అడుగులుంటే 30 అని రాసిన ప్లాను ఇప్పుడు ముందు ఆగదు, పునాది వేసి పిల్లర్లు లేచాక దొరుకుతుంది. అప్పుడు అనుమతి రద్దు దాకా పోవచ్చు, నష్టం మాత్రం యజమానిదే. ఎక్కించే ముందు ఎల్‌టీపీ పక్కన కూర్చుని, ప్లాను మీద ఉన్న ప్రతి అంకెను స్థలం దగ్గర టేపుతో సరిచూసుకోవడానికి ఒక పూట చాలు. ఈ మొత్తం వ్యవహారంలో అంతకంటే విలువైన పూట ఇంకొకటి లేదు.

రుసుముల జాబితా చూసి బెంబేలెత్తనక్కర్లేదు, కానీ ముందే తెలిసి ఉండాలి. లైసెన్సు ఫీజు, బెటర్‌మెంట్ చార్జీలు, అభివృద్ధి చార్జీలు, ఖాళీ స్థలం పన్ను బకాయిలు, నిర్మాణ కార్మికుల సంక్షేమానికి నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు. ఖాళీ స్థలం పన్ను సంగతి చాలామందికి ఇక్కడే మొదటిసారి తెలుస్తుంది. స్థలం కొని పదేళ్లు ఊరికే వదిలేసినవాళ్లకు ఆ పాత బాకీ అంతా ఒక్కసారే కనబడుతుంది. పెద్ద కట్టడాలకు 2017 నిబంధనలు నిర్మాణ విస్తీర్ణంలో పదో వంతును స్థానిక సంస్థకు హామీగా పెట్టమన్నాయి. ప్లాను ప్రకారం కట్టినట్టు తేలాక దాన్ని విడిపిస్తారు.

అనుమతి వచ్చింది. ఇక్కడితో కథ అయిపోయిందనుకోవడమే ఈ ప్రాంతంలో జరిగే అతి పెద్ద పొరపాటు. ప్లాను కాగితాన్ని బీరువాలో దాచి, మేస్త్రి చేతికి వాస్తు గీత ఇస్తారు. ఈశాన్యం పెంచాలని ఒక పక్క గోడ ముందుకు జరుగుతుంది. మెట్లు లోపలి నుంచి బయటికి, అంటే సెట్‌బ్యాక్‌లోకి వస్తాయి. ఇంటి కింద స్తంభాల మధ్య స్టిల్ట్ పార్కింగ్‌కని చూపించిన చోట రెండు కొట్లు లేస్తాయి. పైన అద్దెకు పనికొస్తుందని రేకుల షెడ్డు వేస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను దాటిన రాత్రి రేకుల కప్పులు ఎంత భద్రమో పలాస వైపు వాళ్లందరికీ తెలిసింది. వాస్తు మీద నమ్మకం ఉన్నవాళ్లు దాన్ని వదులుకోనక్కర్లేదు. సిద్ధాంతి గారిని ఎల్‌టీపీ దగ్గరికి ముందే తీసుకెళ్లాలి. రెండు గీతలూ ఒకటే అయ్యాక ప్లాను పెట్టాలి. పని మధ్యలో మార్పు తప్పనిసరైతే సవరించిన ప్లాను పెట్టుకునే వీలుంది.

"తర్వాత బీపీఎస్ వస్తుందిలే" అన్న ధైర్యం, అంటే అనధికార కట్టడాలను క్రమబద్ధీకరించే పథకం మీద భరోసా, ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 2007 చివర్లో ఒకసారి, 2015లో ఒకసారి, 2019లో ఇంకోసారి అపరాధ రుసుముతో క్రమబద్ధీకరణకు అవకాశం ఇచ్చారు. ప్రతిసారీ గడువు దాటాక కట్టినవి బయటే మిగిలాయి. ఈలోగా అనధికార అంతస్తు మీద ఆస్తి పన్నుకు నూరు శాతం పెనాల్టీ, అంటే పన్ను రెట్టింపు, ఏటేటా పడుతూనే ఉంటుంది. పదేళ్ల ఆ అదనపు పన్నును, సెట్‌బ్యాక్‌లో కలుపుకున్న గది విలువతో పోల్చి చూసిన వాళ్లు తక్కువ. ఇంకో నష్టం డబ్బుకు అందనిది. మీటరు సందును కప్పేస్తే పక్కింటి వాళ్లకు గాలి పోతుంది, నిప్పంటుకుంటే మనిషి దూరే దారి పోతుంది.

కట్టడం పూర్తయ్యాక తీసుకోవలసిన ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అందరూ ఓసీ అనేది, ఇదివరకు అపార్టుమెంట్ల వాళ్ల వ్యవహారంగానే చూసేవారు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ ఆలోచనను మార్చాలి. ఆమోదం పొందిన ప్లాను నిర్మాణం జరిగే చోట కనబడేలా పెట్టాలని, కరెంటు, నీటి కనెక్షన్లు నిర్మాణం పూర్తయిన సర్టిఫికెట్ గానీ, ఓసీ గానీ చూశాకే ఇవ్వాలని, బ్యాంకులు కూడా దాన్ని సరిచూసుకున్నాకే ఆ భవనం మీద అప్పు ఇవ్వాలని న్యాయస్థానం చెప్పింది. రేపు ఆ ఇంటిని పిల్లల చదువు కోసం తాకట్టు పెట్టాలన్నా, కొనేవాళ్లకు బ్యాంకు అప్పు రావాలన్నా ఆ కాగితమే అడుగుతారు. దానికి వచ్చే అధికారి ఇల్లు అందంగా ఉందా అని చూడడు. ముందు ఎంత వదిలారు, పక్కన ఎంత వదిలారు అని కొలుస్తాడు. ముందు వైపు తప్ప మిగతా వైపుల్లో సెట్‌బ్యాక్‌లో పది శాతం లోపు తేడాను రుసుముతో సర్దుబాటు చేసే వీలు నిబంధనల్లో ఉంది. మీటరు వదలవలసిన చోట 90 సెంటీమీటర్లు ఉంటే దారి ఉంటుంది, 60 ఉంటే ఉండదు. ఆ 30 సెంటీమీటర్లు పునాదికి ముగ్గు పోసిన రోజున, మేస్త్రి దారం కట్టినప్పుడు అడిగి కొలిపించుకోగలిగినవి. అనుమతి పొందిన ప్లాను ఆ రోజు బీరువాలో కాకుండా మేస్త్రి చేతిలో ఉండాలి.